ఒకే ఏడాది పోయినవాళ్ళు

ఏటా డిసెంబరు ఆఖరి వారంలో పత్రికలు ఒక పేజీ వేస్తాయి. ఆ ఏడాది కన్నుమూసిన ప్రముఖుల ఫొటోలు, పక్కన తేదీలు, కింద రెండు మూడు వాక్యాలు. ఫలానా రంగానికి తీరని లోటు అంటారు. ఆ పేజీ మీద మాకు కోపం లేదు. చిన్నదినం, పెద్దదినం చేసుకునే జనం మనం. పోయినవాళ్ళను తలుచుకోవడం మనకు ఎవరో నేర్పాల్సిన పని కాదు. కానీ ఆ పేజీ చూసినప్పుడల్లా మాకు రెండు ప్రశ్నలు మిగులుతున్నాయి. ఆ ఏడాది పోయినవాళ్ళలో ఎవరు లెక్కలోకి వస్తారో ఎవరు తేలుస్తున్నారు? వాళ్ళు వదిలిపోయినదాన్ని దేనితో కొలుస్తున్నారు?

ఊరికే ప్రశ్నలు వేసుకుంటూ కూర్చుంటే తేలదు. అందుకని ఒక ఏడాదిని పట్టుకుని చూద్దామనుకున్నాం. 1981ని ఎంచుకున్నాం. నెల్లూరు తీరంలో ఉన్న యానాదులకు ఆ ఏడాదితో చుట్టరికం ఉంది. యానాదుల గురించి పుస్తకం రాసిన వెన్నెలకంటి రాఘవయ్య ఆ ఏడాది నవంబరు 24న పోయారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ మే 9న పోయారు. వీళ్ళిద్దరికంటే ముందు ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పుల్లో గోండులు చనిపోయారు. ఎనిమిది నెలల లోపల ఈ మూడూ జరిగాయి. మొదటి రెండూ ప్రముఖుల పేజీకి ఎక్కే మరణాలు. మూడోది ఆ పేజీకి ఎక్కదు. అది వార్తల పేజీలో ఒక అంకెగా పడింది. ఈ మూడింటినీ ఒకే వరుసలో పెట్టి చదివితే, వారసత్వం అనే మాటకు మనం చెప్పుకోవాల్సిన అర్థం కొంత తేటపడుతుందని మా నమ్మకం.

ముందు దుర్గాబాయి సంగతి. ఆమెను గురించి బళ్ళో పిల్లలకు చెప్పే కథ ఒకటుంది. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ప్రదర్శన వాకిట వాలంటీరుగా నిలబడిన పద్నాలుగేళ్ళ పిల్ల, టిక్కెట్టు లేదని నెహ్రూనే ఆపేసింది. కథ బాగుంటుంది. పిల్లలు నవ్వుతారు, గుర్తుపెట్టుకుంటారు. కానీ ఆమె వదిలిపోయినది ఈ కథలో లేదు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేస్తే ఆ పెళ్ళిలోంచి బయటికి వచ్చి, ఆగిన చదువును మళ్ళీ పట్టుకుని, లాయరయింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళింది. 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. రాజ్యాంగ సభలో కూర్చుంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయింది. తనలాగే చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళను తక్కువ కాలంలో మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేసే తరగతులు నడిపింది. మా లెక్కలో ఆమె వారసత్వం అదీ. ఆ తరగతిలో కూర్చున్న మనిషి తన పరీక్ష తానే రాస్తుంది, తన సంతకం తానే పెడుతుంది. నేర్పినామె పోయినా నేర్చుకున్నామె చేతిలో అక్షరం ఉంటుంది.

అంత మంచి పనికీ ఒక హద్దు ఉంది. ఆ తరగతి పట్నంలో ఉంటుంది. కనీసం రోడ్డు పక్కన ఉన్న ఊళ్ళో ఉంటుంది. అక్కడికి రావాలంటే ఒక చోట స్థిరంగా ఇల్లు ఉండాలి. రొయ్యల గుంటల కాపలాకు అమ్మానాయనల వెంట గట్టు మీద గుడిసెలో ఉండే ఆడపిల్లకు, జామాయిల్ కొట్టడానికి మేస్త్రీ వెంట ఊరూరా తిరిగే కుటుంబంలోని పిల్లకు ఆ తలుపు కనబడదు. దుర్గాబాయిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆమె మొదలుపెట్టిన పని ఎక్కడ ఆగిందో చూపడం కూడా ఆమెను గౌరవించడమే. సంస్థకు పేరు పెట్టి ఊరుకుంటే ఆ హద్దు అక్కడే ఉండిపోతుంది.

ఇక రాఘవయ్య గారు. ఆయన పుట్టింది 1897లో, నెల్లూరు జిల్లాలో. లాయరు చదువు చదివిన మనిషి. యానాది కాదు. యానాది సంఘం పెట్టి, ఆదిమజాతి సేవక్ సంఘ్‌ పనిని నెల్లూరు నుంచి నడిపి, క్రిమినల్ ట్రైబ్స్ చట్టం మీద పోరాడినవారిలో ఒకరు. ఆ చట్టం ఏం చేసిందో మన ముసలివాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. పుట్టుకతోనే దొంగ అని రాసిపెట్టి, పోలీసు ఠాణాలో హాజరు వేయించుకునేవారు. ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను చేతికి సెటిల్‌మెంటు అప్పగించి, ముఖ్యంగా ఎరుకల కుటుంబాలను అందులో పెట్టారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అయితే మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం అని ఇంకోటి వచ్చి కూర్చుంది. పేరు మారింది. దొంగతనం జరగ్గానే ముందు యానాది కాలనీకి జీపు రావడం అంత త్వరగా మారలేదు.

రాఘవయ్య గారికి 1973లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా వాడే మాట ఒకటుంది: గిరిజనోద్ధారకుడు. ఈ మాట దగ్గర మేము ఆగుతున్నాం. ఉద్ధరించడం అంటే పైకి లాగడం. లాగేవాడికి పేరుంటుంది, ఊరుంటుంది, ఫొటో ఉంటుంది. లాగించుకునేవాడు వట్టి బరువు. యానాది సంఘం పెట్టారు అంటాం. సంఘం అంటే ఒక్కరు కాదు గదా. సభ జరిగిందంటే జనం నడిచి వచ్చారని అర్థం. కూలి పోగొట్టుకుని వచ్చారు. ఆసామికి చెప్పకుండా వచ్చినవాళ్ళు ఉంటారు. పోలీసు హాజరు ఎగ్గొట్టే ధైర్యం చేసి వచ్చినవాళ్ళూ ఉంటారు. అర్జీల మీద వేలిముద్రలు వేసింది వాళ్ళే. వాళ్ళు లేకపోతే రాఘవయ్య గారు ఒంటరి లాయరు. ఉద్ధారకుడు అనే ఒక్క మాట వాళ్ళందర్నీ తుడిచేస్తుంది. రాఘవయ్య గారిని కూడా అది చిన్నదిగానే చూపిస్తుంది. నలుగురిని కూడగట్టిన మనిషిని దానం చేసిన మనిషిగా మారుస్తుంది.

ఆయన్ను సరిగ్గా చదవాలంటే పొగడ్తలు పక్కనపెట్టి పుస్తకాలు చూడాలి. 1962లో ఇంగ్లీషులో ‘ది యానాదీస్’ వచ్చింది. ఢిల్లీ నుంచి భారతీయ ఆదిమజాతి సేవక్ సంఘ్‌ వేసింది. 1968లో ‘నోమాడ్స్’, సంచార జాతుల మీద. 1971లో ‘ట్రైబల్ రివోల్ట్స్’, గిరిజన తిరుగుబాట్ల మీద. ఈ మూడూ వరుసగా పెట్టి చూడండి. మొదటిది యానాదులు ఎవరు అని అడుగుతుంది. మూడోదానికి వచ్చేసరికి ప్రశ్న మారిపోయింది. గిరిజనులు ఏం చేశారు అని అడుగుతుంది. ఎవరు అన్న ప్రశ్నకు జవాబు చెప్పేది బయటివాడు. కొలిచి, విడదీసి, మంచి యానాది, చల్లా యానాది, అడవి యానాది అని పేర్లు పెట్టి చెబుతాడు. అంతకు ముందే 1909లో థర్‌స్టన్ దొర దక్షిణాది కులాల మీద వేసిన సంపుటాల్లో యానాదుల గురించి బోలెడు పేజీలు ఉన్నాయి. ఏం చేశారు అన్న ప్రశ్న వేరు. దానికి జవాబులో గిరిజనుడే కర్త అవుతాడు. డెబ్బై నాలుగేళ్ళ వయసులో రాఘవయ్య గారు ఆ రెండో ప్రశ్నకు వచ్చారు. ఉద్ధారకుడు అన్న బిరుదులో ఈ ప్రయాణం కనబడదు. ఆయన రాతల్లో మాకు ఎక్కువ విలువైనది ఈ మలుపే.

ఆ మూడో పుస్తకం అచ్చయింది నెల్లూరు నుంచే. అందులో తేదీల వరుసన తిరుగుబాట్ల పట్టిక ఉంది. 1778 నుంచి 1971 దాకా డెబ్బై తిరుగుబాట్లు. చరిత్ర రాసేవాళ్ళు ఇప్పటికీ ఆ పట్టికను వాడుకుంటున్నారు. దాని గుణం ఏమిటంటే, ఒక్కో తిరుగుబాటునూ విడిగా చూస్తే ఎక్కడో అడవిలో జరిగిన గొడవ అనిపిస్తుంది. డెబ్బైని ఒక చోట పెడితే అది గొడవ కాదు, రెండు వందల ఏళ్ళ జవాబు అని అర్థమవుతుంది. గిరిజనులు అమాయకులు, నోరు లేనివాళ్ళు అని జాలిపడే రాతలకు ఆ పట్టిక ఒక్కటే సమాధానం చెబుతుంది. దాని లోపం కూడా చెప్పాలి. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఎవరి గురించి రాశారో వాళ్ళ చేతికి రాలేదు. నెల్లూరులో అచ్చయిన పుస్తకం నెల్లూరు తీరంలోని యానాది కాలనీకి చేరడం కంటే దూరదేశాల గ్రంథాలయానికి చేరడం తేలికయింది.

పట్టిక 1971తో ఆగింది. పదేళ్ళు గడిచాయి. ఆయన పోయిన ఏడాదే, ఆయన పోవడానికి ఏడు నెలల ముందు, ఆ పట్టిక కింద రాయాల్సిన మరో వరుస వచ్చింది.

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిలో సంత రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభ పెట్టుకుంది. దున్నుకుంటున్న పోడు భూములకు పట్టాలు కావాలని, పండించినదానికి సరైన ధర రావాలని, గిరిజనేతరుల చేతుల్లోకి పోయిన భూమి తిరిగి రావాలని వాళ్ళు అడిగారు. ఇచ్చిన అనుమతిని పోలీసులు వెనక్కు తీసుకున్నారు. గూడేల నుంచి గోండులు మామూలుగానే వచ్చారు. కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్ళు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. అరవై దాకా ఉంటారని పౌరహక్కుల సంఘాలు చెప్పాయి. ఆ తర్వాత స్తూపం కట్టారు. దాన్ని కూల్చేశారు. మళ్ళీ కట్టారు. ఎన్నో ఏళ్ళపాటు ఏప్రిల్ 20 వస్తే చాలు, 144వ సెక్షను పెట్టి ఎవర్నీ అటు పోనివ్వలేదు. తల్లి తన కొడుకు పోయిన చోట దండం పెట్టుకోవాలన్నా పోలీసు అడ్డం. 2024లో తెలంగాణ ప్రభుత్వమే అక్కడ స్మృతివనానికి శంకుస్థాపన చేసింది. నలభై ఏళ్ళు దాటాక.

13కూ అరవైకీ మధ్య తేడా ఉత్త అంకెల తేడా కాదు. ఆ తేడాలో ఉన్నది పేర్లు లేని మనుషులు. పేరు రాసుకుని ఉంటే అంకె మీద తగాదా ఉండదు. ఇన్ని పేర్లు, ఇన్ని ఊళ్ళు, అని చూపించవచ్చు. అదే రోజుల్లో సముద్రాలకు అవతల ఏం జరిగిందో చూద్దాం. ఇంద్రవెల్లి కాల్పులైన పదిహేను రోజులకు, మే 5న, ఉత్తర ఐర్లండు జైల్లో బాబీ శాండ్స్ అనే యువకుడు 66 రోజుల నిరాహారదీక్ష చేసి చనిపోయాడు. ఆ ఏడాది అదే దీక్షలో పది మంది పోయారు. బెల్‌ఫాస్టు వీధుల్లో గోడల మీద వాళ్ళ బొమ్మలున్నాయి. వాళ్ళ మనుషులు పది పేర్లనూ వరుసగా చెప్పుకుంటారు. వాళ్ళ రాజకీయాలను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, వాళ్ళు పది మంది అని ఎవరూ కాదనలేరు. పేర్లు ఉంచుకున్న జనం చేతిలో లెక్క ఉంటుంది. పేర్లు పోగొట్టుకున్న జనం అంకె కోసం వేరేవాళ్ళ నోటి వైపు చూడాలి.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. 1981లో మన తీరం పేరు కూడా పత్రికల్లో పెద్ద అక్షరాలతో పడింది. మే 31న శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు లేచింది. శ్రీహరికోట అప్పుడు నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. పులికాటుకూ సముద్రానికీ మధ్య ఉన్న ఆ దీవి అడవిలో తరతరాలుగా యానాదులు దుంపలు, తేనె, మందుమొక్కలు ఏరుకుని బతికారు. రాకెట్టు కేంద్రం రావడంతో వాళ్ళ బతుకు అడవి నుంచి చెదిరిపోయింది. ఆ కేంద్రానికి ఇప్పుడు సతీశ్ ధవన్ పేరుంది. ఆయన 2002 జనవరిలో పోయారు, ఆ ఏడాదే పేరు పెట్టారు. గొప్ప శాస్త్రవేత్త, పేరు పెట్టడం తప్పు కాదు. మేము అడిగేది వేరు. ఏ పామును ఏ చెట్టు కింద ఎలా పట్టాలో, ఏ ఆకు విషానికి విరుగుడో తెలిసిన మనిషి ఆ దీవి మీద 1981లోనూ ఎవరో ఒకరు పోయే ఉంటారు. ఆ విద్యకు వారసుడెవరు? ఆ మనిషి పేరు ఏ కాగితం మీద ఉంది?

ఈ మాట భావుకత కోసం అనడం లేదు. వారసత్వం అనే మాటకు మండలాఫీసులో ఒక గట్టి అర్థం ఉంది. తాత పేరున పట్టా ఉంటుంది. తాత పోయాడు. పట్టా మనవడి పేరుకు మారాలంటే ముందు తాత పోయినట్టు కాగితం కావాలి. తర్వాత ఈ మనవడు ఆ తాత మనవడే అని ఇంకో కాగితం కావాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం చావును 21 రోజుల లోపల నమోదు చేయించాలి. కాలవ గట్టు మీద గుడిసెలో పోయిన ముసలాయనను సాయంత్రానికి ఇసకలో పూడ్చిపెట్టి, మర్నాడు పీతల వేటకు పోయే ఇంట్లో ఆ 21 రోజులు ఎవరు లెక్కపెడతారు? ఏడాది దాటాక పోతే తిరుగుడు మొదలవుతుంది. ఈలోగా ఆ అరెకరం మీద ఎవరిదో రొయ్యల గుంట లేస్తుంది. బతికుండగా పేరు సరిగ్గా రాయించుకోని మనిషికి చావు కూడా రుజువు కాదు. ఇంద్రవెల్లిలో 13కూ అరవైకీ మధ్య తప్పిపోయినవాళ్ళు, ఇక్కడ పట్టా మారక భూమి పోగొట్టుకున్నవాళ్ళు ఒకే చోట నష్టపోయారు. పేరు రాయని చోట.

అందువల్ల పోయినవాళ్ళ వారసత్వాన్ని మేము ఇలా కొలుస్తాం. ఆయన పేరు ఎన్ని భవనాలకు ఉంది అని కాదు. ఆయన ఎవరి కోసం పనిచేశాడో వాళ్ళు ఇప్పుడు ఆ పనిని తమ చేతులతో, తమ పేర్లతో చేయగలుగుతున్నారా అని. ఈ కొలతతో చూస్తే దుర్గాబాయి నడిపిన తరగతి నిలుస్తుంది, కాలవ గట్టు దాకా రావాల్సిన బాకీ ఇంకా ఉంది. రాఘవయ్య గారి పట్టిక నిలుస్తుంది, ఉద్ధారకుడనే బిరుదు నిలవదు. ఇంద్రవెల్లి వాళ్ళు ఏ సంస్థా పెట్టలేదు, ఏ పుస్తకమూ రాయలేదు. భూమి మాది అని పట్టపగలు సంతలో నిలబడి అడగవచ్చునని చూపించారు. పోడు పట్టా కోసం ఈనాటికీ అర్జీ పెట్టే ప్రతి గిరిజనుడూ ఆ అడగడానికి వారసుడే.

ఈ చిన్న పుస్తకం చదివే యువకులకు, అంగన్‌వాడీ అక్కలకు, హాస్టల్లో చదివి వచ్చిన పిల్లలకు మేము చెప్పేది రెండు పనులు. ఒకటి, ‘ట్రైబల్ రివోల్ట్స్’లోని ఆ పట్టికను తెలుగులోకి తెచ్చుకోవడం. తెచ్చి, 1971 కింద ఇంద్రవెల్లిని రాయడం, ఆ తర్వాతవీ రాయడం. నవంబరు 24న రాఘవయ్య గారికి దండ వేసేవాళ్ళు ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి వాళ్ళకు కూడా వేయాలి. ఆయన చేసిన పట్టికకు అంతకు మించిన గౌరవం లేదు.

రెండోది ఇంకా చిన్న పని. కాలనీకి ఒక నోటుపుస్తకం పెట్టండి. అయిదు గళ్ళు గీయండి. పోయిన మనిషి పేరు, ఆడో మగో, పోయిన తేదీ, చేసిన పని, తెలిసిన విద్య. పీతల బొరియ చూసి ఆడదో మగదో చెప్పేది అని రాయండి. తేలు మంత్రం వచ్చేది అని రాయండి. అర్జీ మీద మొదటి వేలిముద్ర వేసింది అని రాయండి. ఆ పుస్తకం పట్టుకుని 21 రోజుల లోపల పంచాయతీ కార్యదర్శి దగ్గరికి పోయి మరణం నమోదు చేయించండి. ప్రముఖులా కాదా అని ఆలోచించకండి. ఈ ఏడాది మీ కాలనీలో మొదట పోయినవాళ్ళు ఎవరో వాళ్ళ పేరుతోనే మొదలుపెట్టండి. తేదీ వేయడం మరిచిపోకండి.